తృప్తి, దేశభక్తి: జాషువా నుంచి హైటెక్ సిటీ దాకా

క్రైస్తవుడి మీద మన దేశంలో రెండు నేరాలు మోపుతున్నారు. మతం అతనికి తృప్తిని నేర్పి, ఉన్నదానికి స్తోత్రం చెల్లించమని చెప్పి, పోరాడే శక్తిని చంపేసిందని మన అభ్యుదయ విమర్శకులు అంటారు. దేశం ఇంత ఇచ్చినా అతనికి కృతజ్ఞత లేదని, ఎప్పుడూ దేశాన్ని తప్పుపడుతూనే ఉంటాడని జాతీయవాదులు అంటారు. ఒకరి దృష్టిలో అతను మితిమీరి తృప్తిపడినవాడు. మరొకరి దృష్టిలో ఎన్నటికీ తృప్తిపడనివాడు. ఈ రెండు ఆరోపణలూ ఒకే మనిషికి ఎలా అతుకుతాయి? తెలుగు సాహిత్యాన్ని ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం అవసరమని నేను భావిస్తున్నాను.

ముందుగా మన కళ్లెదుట ఉన్నదాన్ని చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు కోస్తా జిల్లాల నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ చదువుకున్న యువతరం వచ్చి చేరింది. వారిలో క్రైస్తవ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. ఆదివారం ఆరాధనలో వాళ్లు చెప్పే సాక్ష్యాలు నేను చాలా విన్నాను. సాక్ష్యం ఒక మౌఖిక వచన ప్రక్రియ. దానికి నిర్దిష్టమైన నిర్మాణం ఉంది: కష్టం, ప్రార్థన, ఉద్యోగమో వీసానో రావడం, చివర స్తోత్రం. కూలివాడి కొడుకు వందమంది ముందు నిలబడి తన జీవితాన్ని తన నోటితో చెప్పుకోవడం చిన్న విషయం కాదు. అటువంటి వేదికను మన కథాసాహిత్యం అతనికి ఏమాత్రం ఇచ్చిందో మనం ఆలోచించుకోవాలి.

అయితే ఈ ప్రక్రియలో పెద్ద లోపం ఉంది. ఇచ్చేవాడు దేవుడు, లాక్కునేవాడు ఎవరో కథలో కనిపించడు. ఉద్యోగం పోతే అది విశ్వాసానికి పరీక్ష. కంపెనీ లాభనష్టాల లెక్క, సర్కారు ఉత్తర్వు అందులో పాత్రలు కావు. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, వారానికి 48 గంటల పరిమితికి లోబడి, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. ఇటువంటి నిర్ణయం ప్రస్తావన నేను విన్న ఏ సాక్ష్యంలోనూ లేదు. అతను పనిచేసే అంతస్తును తుడిచే కాంట్రాక్టు కార్మికురాలూ లేదు. కృతజ్ఞత వ్యక్తి దగ్గరే ఆగిపోయింది.

ఇది క్రైస్తవ మూలగ్రంథం నేర్పిన తృప్తేనా? కాదని నా వాదన. తృప్తిని గురించి పౌలు రాసిన ప్రసిద్ధమైన మాటలు ఫిలిప్పీ సంఘానికి, తాను బంధకాల్లో ఉన్నప్పుడు రాసినవి. అదే ఫిలిప్పీ పట్టణంలో అంతకుముందు అధికారులు అతన్ని విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరలో వేశారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతుంది. అర్ధరాత్రి చెరలో కీర్తనలు పాడిన ఆ మనిషే, తెల్లవారి గుట్టుగా వెళ్లిపొమ్మంటే కదలనన్నాడు. తాను రోమా పౌరుడినని గుర్తుచేసి, అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. అతని తృప్తి తన తిండికీ బట్టకూ సంబంధించినది. అన్యాయంతో రాజీపడటానికి దానితో సంబంధం లేదు.

తెలుగునేల మీద కూడా ఇదే జరిగింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు, ముఖ్యంగా మాదిగలకు పని కల్పించాడు. కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం మతం మారారని తీసిపారేసేవాళ్లు ఒక్క సంగతి మరచిపోతున్నారు. కరువుకు ముందే క్రైస్తవులైన మాదిగలు ఆదివారం వెట్టికి పోమన్నారు, ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు, అందుకు వెలివేతలు భరించారు. దేవుడికి కృతజ్ఞులైనకొద్దీ ఊరి పెత్తందార్లకు కృతజ్ఞులుగా ఉండడం మానేశారు.

ఈ వైరుధ్యాన్ని కావ్యంగా మలచినవాడు గుర్రం జాషువా (1895–1971). 1941 నాటి ‘గబ్బిలం’లో తంజావూరు ప్రాంతపు అస్పృశ్యుడు కాశీ విశ్వనాథుడికి విన్నపం పంపుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయితే ఇతనికి గబ్బిలం దూత. గుడిలోకి దానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. క్రైస్తవ కవి తన కథానాయకుడి చేత శివుడికి ఎందుకు మొరపెట్టించాడు? మూసిన తలుపు అక్కడ ఉంది కనుక. గబ్బిలం వెళ్లే దారిలోని చారిత్రక స్థలాలను కవి ఎంతో అభిమానంతో చూపిస్తాడు. దేశాభిమానం, దేశం మీద ఫిర్యాదు ఒకే గొంతులోంచి వచ్చాయి. ఆ తర్వాత అతను ‘క్రీస్తు చరిత్ర’ రాశాడు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. భక్తికావ్యం గానీ సన్మానాలు గానీ గబ్బిలం మోసుకెళ్లిన ఫిర్యాదును రద్దుచేయలేదు.

ఆ ఫిర్యాదుకు చట్టపరమైన రూపమూ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవుడు బయటే ఉన్నాడు. మన రాష్ట్రాల్లో అతను వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో ఒక శాతానికి లోబడి ఉన్నాడు. వారికి ఎస్.సి. హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ధ్రువపత్రంలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు పెట్టుకుని బతికే మనిషి ఈ ఉత్తర్వు పుట్టించిన పాత్ర. ప్రైవేటు కొలువులో రిజర్వేషన్ లేదు కనుక తనకీ గొడవ లేదని హైటెక్ సిటీ యువకుడు అనుకోవచ్చు. ఊళ్లో చదువుకుంటున్న అతని చెల్లెలికి మాత్రం ఉంది.

దేశభక్తి అంటే కృతజ్ఞత చాటుకోవడమే అయితే ‘గబ్బిలం’ దేశద్రోహ కావ్యం కావాలి. తెలుగు చదవగలిగిన వాడెవడూ ఆ మాట అనలేడు. కాబట్టి కొత్త రచయితలకు నా సూచన ఇది: సాక్ష్యం చెప్పే యువకుడిని వెక్కిరించే కథలు రాయకండి. అతని స్తోత్రాన్ని అతనికి వదిలేసి, అతను చెప్పకుండా వదిలేసినవాటిని కథలోకి తీసుకురండి. పని గంటల ఉత్తర్వు, ఊడ్చే మనిషి జీతం, చెల్లెలి ధ్రువపత్రం అన్నీ రావాలి. సాక్ష్యం న్యాయస్థానపు మాట కూడా. సాక్షి తనకు దక్కిన మేలు ఒక్కటే చెప్పి బోను దిగిపోకూడదు.