మతిమరుపు కథ, తలకిందుల కథనం: 'మెమెంటో', 'గజిని', '1: నేనొక్కడినే'

తలకు దెబ్బ తగిలి గతం మరచిపోవడం, మళ్లీ దెబ్బ తగలగానే అంతా గుర్తుకు రావడం మన సినిమాలకు పాత ముడిసరుకే. క్రిస్టఫర్ నోలన్ 'మెమెంటో' (2000)లో లెనార్డ్ జబ్బు అది కాదు. అతనికి పాత సంగతులు గుర్తుంటాయి, కొత్తవే నిలవవు. ఇలాంటి స్థితి నిజంగానే ఉంది. 1953లో మూర్ఛకు మెదడు శస్త్రచికిత్స చేయించుకున్న హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ 2008లో మరణించేదాకా ఇలాగే బతికాడు.

భార్యను చంపినవాణ్ని వెతకడానికి లెనార్డ్ పోలరాయిడ్ ఫోటోల మీద రాసుకుంటాడు, ఒంటి మీద పచ్చబొట్లు పొడిపించుకుంటాడు. కథ ఇంతే, విశేషమంతా కథనంలో ఉంది. రంగు దృశ్యాలు చివరి నుంచి వెనక్కి, నలుపు తెలుపు దృశ్యాలు మొదటి నుంచి ముందుకు నడుస్తాయి. జగిత్యాల తరగతిలో ఒక సిరిసిల్ల విద్యార్థి వీటిని పడుగు, పేక అన్నాడు. పోలిక అందమైనదే కాని నేను పూర్తిగా ఒప్పుకోలేదు. పడుగూ పేకా అడుగడుగునా కలుస్తాయి. ఇక్కడ ఆ రెండూ కలిసేది ఒక్కచోటే, నలుపు తెలుపు ఫోటోకు రంగు ఎక్కే క్షణంలో.

ఈ వరుస ఎందుకో తెలియాలంటే నటాలీ ఘట్టం చూడాలి. ఆమె మొహం మీద గాయాలతో వచ్చి, ఫలానావాడు కొట్టాడని చెబుతుంది. లెనార్డ్‌తోపాటు మనమూ జాలిపడతాం. అంతకుముందు జరిగింది తరువాత చూపిస్తారు. ఇంట్లోని కలాలన్నీ ఏరి దాచేసి, అతణ్ని రెచ్చగొట్టి దెబ్బ తిన్నది ఆమే. ఆమె బయటికి వెళ్లగానే రాసుకోవడానికి అతను కలం కోసం వెతుకుతాడు. అది దొరికేలోపే మరచిపోతాడు. వరుసగా చెప్పి ఉంటే మనం అతణ్ని చూసి జాలిపడేవాళ్లం. వెనక్కి చెప్పడం వల్ల అతనితోపాటు మోసపోయాం.

రాతను నమ్మే అలవాటు మనకూ ఉంది. కోరుట్ల వైపు ఇళ్లలో గల్ఫ్ నుంచి వచ్చిన పాత ఫోటోల వెనక పేరూ తేదీతోపాటు 'క్షేమం' అని రాసి ఉండటం చూశాను. అందరూ క్షేమంగా ఉండే రాశారని ఎవరు చెప్పగలరు? లెనార్డ్ ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. రేపు మరచిపోతానని తెలిసే, తన కోసం తానే తప్పుడు ఆధారం రాసి పెట్టుకుంటాడు.

2005లో మురుగదాస్ తీసిన 'గజిని' తెలుగులోనూ బాగా ఆడింది. అందులో పచ్చబొట్లు, ఫోటోలు ఉన్నాయి కాని ఈ సందేహం లేదు. గతాన్ని ఇతరులు డైరీలో చదువుతారు. ఆ ప్రేమకథ వరుసగా సాగుతుంది. నాయకుడికి గుర్తులేనిది ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి కరుణ పండింది. దాన్ని నకలు అని కొట్టిపారేసే విమర్శ నాకు నచ్చదు. అయితే అక్కడ మతిమరుపు ప్రతీకారానికి ఒక అడ్డంకిగానే మిగిలింది.

సుకుమార్ '1: నేనొక్కడినే' (2014) నాయకుడి మనసునే అనుమానిస్తుంది. గౌతమ్ తాను చంపానని లొంగిపోయిన హత్య అసలు జరగనేలేదు. ఆ ధైర్యం చివరిదాకా నిలవలేదు. తల్లిదండ్రులు నిజమేనని తేల్చి సందేహం తీర్చేసింది.

అభ్యాసంగా, నటాలీ ఘట్టాన్ని కాలక్రమంలో పెట్టి ఒక పేజీలో రాయండి. ఏ వాక్యం దగ్గర మీ జాలి ఆమె నుంచి అతని వైపు మళ్లిందో గుర్తుపెట్టండి.