కవిసమయమూ పక్షిదర్శనమూ

మన సాహిత్యమున పక్షులు రెండు జాతులు. ఒకటి వినిన పక్షి, రెండవది కనిన పక్షి. చకోరము వెన్నెలను త్రావును. చాతకము వానచినుకును తప్ప మరియొక నీటిని ముట్టదు. హంస పాలను నీటినుండి వేరుచేయును. జక్కవల జంటకు రాత్రివేళ ఎడబాటు తప్పదు. ఇవి వినిన పక్షులు. వీనికి గూడు లేదు, గ్రుడ్డు లేదు, ఆకలి లేదు. పెరటి జామకొమ్మపై వాలి, పురుగును పట్టి, పిల్లనోటికి అందించి ఎగిరిపోవునది కనిన పక్షి. మొదటిదానికి మన కావ్యములలో సింహాసనము కలదు. రెండవదానికి వ్యాసములో ఒక చిన్న పీట, అదియును ఆలస్యముగా, దొరకినది. కన్నులతో చూచుట అలవడిన పాఠకుడు కవిసమయమును విడిచిపెట్టవలసినదేనా? లేక రెండింటికిని పొత్తు కుదురునా? ఈ ప్రశ్నను బిలాస్‌పూరు అను రైలు పట్టణమును ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ ఊరిని ఎన్నుకొనుటకు కారణము లేకపోలేదు. అర్పానది ఒడ్డున నున్న ఈ పట్టణము 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైనది. ఆ రైలు వెంటనే ఆంధ్రతీరమునుండి ఎన్నో తెలుగు కుటుంబములు ఇచ్చటికి వచ్చి స్థిరపడినవి. ఊరికి ఉత్తరమున రతన్‌పూరు చెరువులు, ఆపైన అచానక్‌మార్ అడవులు. ఊరి సమీపమున నున్న కోప్రా జలాశయము 2025లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకెక్కి, ఛత్తీస్‌గఢ్‌లో ఆ గౌరవము పొందిన మొదటి జలాశయమైనది. సాహిత్యసంబంధమును తక్కువది కాదు. మేఘదూతములోని రామగిరి నాగపూరు సమీపమునందలి రామ్‌టేక్ అని పలువురందురు. బిలాస్‌పూరుకు ఉత్తరమున సర్గుజాలోని రామ్‌గఢ్ కొండయే అని మరికొందరి వాదము. ఏది నిజమైనను, ఆషాఢమేఘము అమరకంటకము మీదుగా సాగు త్రోవ ఈ సీమకు పరాయిది కాదు.

ఆ మేఘముతోనే ఆరంభింతము. కాళిదాసు మేఘునికి రాజహంసలను తోడిచ్చినాడు. అవి తామరతూండ్లను దారిబత్తెముగా గొని కైలాసము వరకు వచ్చునట. పక్షిశాస్త్రజ్ఞుని సాక్ష్య మేమి? తలపై నల్లని చారలుగల బాతుహంస శీతకాలమున మన చెరువులకు వచ్చును. టిబెట్టు పీఠభూమి సరస్సుల చెంత గూడు కట్టును. హిమాలయమును దాటి రాకపోకలు సాగించును. కావున మానససరోవర యాత్ర కట్టుకథ కాదు. కాని ఆ పక్షి వసంతమునకే మనలను విడిచి వెళ్ళును. ఆషాఢమున మేఘునికి తోడుపోవుటకు అది ఇచ్చట ఉండదు. దిక్కు సత్యము, మాసము కల్పన.

చాతకము సంగతి ఇంకను విచిత్రము. నలుపు తెలుపు రెక్కలు, తలపై కుచ్చు గల ఈ కోకిలజాతి పక్షి నైరృతిగాలుల కాలమున ఉత్తర, మధ్య భారతములకు వచ్చును. వీనిలో కొన్ని ఆఫ్రికానుండి సముద్రము దాటి వచ్చునవి. దాని ఆహారము గొంగళిపురుగులు. అది గ్రుడ్లు పెట్టునది పరుల గూటిలో. వానచినుకుకై నోరు తెరచికొని యుండుట కవుల మాట. అయినను వానకు ముందు కానరానిది వానతో కానవచ్చినచో, ప్రాచీనుడు ఆ రెంటిని ముడివేయుటలో తప్పేమున్నది? జక్కవయు అంతే. పగలు చెరువుగట్టున జంటగా కూర్చుండి, చీకటిలో పిలుచుకొనుచు మేతకు తిరుగు బాతును చూచినవాడెవడో ఆ పిలుపును విరహమని తలచినాడు. దాని సంసారము హిమాలయముల కావల సాగునని అతడెరుగడు.

దీనివలన తేలున దేమన, కవిసమయము అబద్ధము కాదు, గడ్డకట్టిన పరిశీలన. మొదటివాడు చూచి చెప్పినాడు. రెండవవాడు విని చెప్పినాడు. నూరవవాడు కన్నెత్తకయే వ్రాసినాడు. దోషము మొదటివానిది కాదు, నూరవవానిది. విమర్శకుడు పట్టవలసినది కవి చెప్పినది శాస్త్రసమ్మతమా యని కాదు. అతడు తన చెవిని, తన కంటిని వినియోగించినాడా యని.

ఈ గీటురాయిపై ఒక హిందీ కవితను గీచి చూతము. మాఖన్‌లాల్ చతుర్వేది 1921లో బిలాస్‌పూరున చేసిన ప్రసంగమునకై నిర్బంధితుడై, ఈ ఊరి జైలులో నుండగా 1922 ఫిబ్రవరిలో సుప్రసిద్ధమైన పుష్పాభిలాష గీతమును రచించినాడు. సాహిత్య అకాడమి హిందీ పురస్కారము తొలిసారిగా 1955లో పొందినదియు ఆయనయే. తరువాతికాలమున ఆయన రచించిన ‘ఖైదీయు కోకిలయు’ అను కవితలో నిశిరాత్రివేళ జైలుగోడల లోపలివాడు కోకిలకూత విని, ఈ వేళకాని వేళ ఎందుకు కూయుచున్నావని ప్రశ్నించును. కోకిల పూర్వకవులకు వసంతుని వైతాళికుడు, మన్మథుని పరివారము. ఆ పక్షిని చతుర్వేది ఋతువునుండి తప్పించి వేళకు తెచ్చినాడు. వేసవిరాత్రుల చీకటిలో కోకిల కూయుట నిజము. నిద్రపట్టనివారందరు ఎరిగినదే; ఖైదీకంటె బాగుగ ఎరిగినవా డెవడు? మరి కూయునది మగది కదా, కవి ఆడుదానిగా సంబోధించెనే యని ఆక్షేపింపవచ్చును. నిజమే, నల్లని మగది పాడును, మచ్చల ఆడుది పాడదు. కాని ఆ పొరపాటు భాషలోని లింగమునుండి వచ్చినది, కవి చెవినుండి కాదు. చెవి నిజము విన్నది గనుకనే కవిత నిలిచినది.

ఛత్తీస్‌గఢ్ స్త్రీల సువాగీతములు ఇందుకు వేరొక ఉదాహరణము. దీపావళి రోజులలో బుట్టలో మట్టిచిలుకను నిలిపి, చుట్టును చప్పట్లు కొట్టుచు తిరిగి, తమ దుఃఖమును ఆ చిలుకతో చెప్పుకొందురు. దూతగా చిలుకయే ఏల? చెప్పినమాట చెప్పినట్లు పలుకును గనుక. ఎన్నిక పరిశీలనమే. కాని ఆ గుణమే చిలుకను పంజరమునకు తెచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకలను పట్టి పెంచుటను నిషేధించినది; పంజరములు మాత్రము మాయము కాలేదు. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగువారును, నీలకంఠుని దర్శనమని హిందీవారును నమ్ముదురు. పొలమునకు వెళ్ళి వెదకి చూచుట ఒక ఆచారము. పట్టితెచ్చి డబ్బులకు చూపుట దాని వికారము. మన భావము పక్షికి కీర్తి నిచ్చినప్పుడెల్ల అందులో దానికి వల కూడ దాగియుండునని సాహిత్యకారుడు మరువరాదు.

ఇక కనిన పక్షిని గూర్చిన గద్యము. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమును 1883లో స్థాపించినవారిలో ఒకడైన ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్కెన్ ఆంగ్లమున పెరటిపక్షుల వ్యాసమునకు ఒక తీరు దిద్దినాడు. హాస్యము, చురుకైన చూపు అతని బలములు. కాని కాకిపై, పిచ్చుకపై చూపిన ఓర్పును అతడు తన ఇంటి సేవకులపై చూపలేదు; వారు అతని పుటలలో నవ్వులబొమ్మలు. 1941లో వెలువడిన సాలీం అలీ ‘భారతీయ పక్షులు’ గ్రంథమున ఆ అహంకారము లేదు. పరిమాణము చెప్పవలసివచ్చినప్పుడు అంగుళములతో తృప్తిపడక పిచ్చుకంత, గోరువంకంత, కాకికంటె పెద్దది అని ఆయన వ్రాయును. ఇది ఉపమాలంకారమే. అలంకరించుటకు కాక గుర్తుపట్టుటకు వాడిన ఉపమ. మన అలంకారశాస్త్రము దీనిని ఇంకను గమనింపవలసియున్నది. ఆ గ్రంథమున లేనిది ఒక్కటే: ఆ పక్షిని మనుష్యులు తమ దుఃఖమున ఏమని పిలిచికొందురో అది.

ఆ పిలుపులోనే జాతుల స్వభావము తెలియును. వేసవిలో అలుపులేక స్వరము పెంచుకొనుచు కూయు ఒక కోకిలజాతి పక్షి కూతను హిందీవాడు ‘ప్రియుడెక్కడ’ అని విన్నాడు, మహారాష్ట్రుడు ‘వాన వచ్చె’నని విన్నాడు, ఎండకు తాళలేని ఆంగ్లేయుడు ‘మెదడుజ్వర’మని విన్నాడు. కూత ఒక్కటే, చెవులు మూడు. తీతువు కూతను ఆంగ్లేయుడు ‘వాడు చేసెనా’ యను ప్రశ్నగా వినగా, మనము అపశకునముగా వింటిమి. ఆ పక్షి నేలపై రాళ్ళనడుమ, ఒక్కొక్కచో రైలుపట్టాల కంకరలోనే, గ్రుడ్లు పెట్టును. మనిషి దగ్గరకు వచ్చినప్పుడెల్ల గ్రుడ్లను కాచుకొనుటకై అరచును. అపశకునము దానికి మనమే గాని మనకు అది కాదు.

తెలుగున ఈ మార్పును గ్రహించిన కవి జాషువా. సాలీం అలీ గ్రంథము వెలువడిన 1941లోనే ‘గబ్బిలము’ వచ్చినది. హంసను, మేఘమును త్రోసివేసి, ఎవరును కోరని ప్రాణిని ఆయన దూతగా ఎన్నుకొనినాడు. గబ్బిలము పక్షి కాదు. అయినను మన చర్చకు అంతకంటె తగిన సాక్ష్యము లేదు. అంటరానివాని గుడిసెలోనికి వచ్చునదియు అదియే, అతనికి ప్రవేశములేని గుడిలో దేవుని చెంత వ్రేలాడునదియు అదియే. ఇది వినిన దూత కాదు, కనిన దూత. పరిశీలన ఇచ్చట ఉద్వేగమును చంపలేదు. దానికి కోర పెట్టినది.

బిలాస్‌పూరు తెలుగువారికి ఈ చర్చలో మరియొక నష్టము సంబంధించియున్నది. కొంగ ‘బగులా’ యగుట, పాలపిట్ట ‘నీలకంఠ్’ అగుట సహజమే. ఉన్నఊరి మాట ఉన్నవారికి వచ్చును. కాని లకుముకి, జెముడుకాకి, గిజిగాడు, పికిలి, తీతువు అను పేర్లు జారిపోయినచో పోవునది పదము మాత్రమే కాదు. వాని కూతను, ముక్కును, నేర్పును గమనించిన పూర్వుల చూపు కూడ పోవును. నెల్లూరులో పనిచేసిన వైద్యుడు జెర్డన్ 1862 - 64 నడుమ ప్రకటించిన పక్షిగ్రంథమున తెలుగు పేర్లను చేర్చినాడు. కడప పొదల కలివికోడి చాలకాలము కానరాక, తిరిగి 1986లో దొరకినది. పక్షి కానరాని ఆ కాలమున పేరు బ్రతికియుండినది. పక్షులున్నచోట పేర్లు పోగొట్టుకొనుట అంతకంటె చింతింపదగినది.

ఈ ఊరిపేరు మోసిన రవీంద్రుని కవిత యొకటి కలదు. 1918 నాటి ‘పలాతకా’ సంపుటిలోని ‘ఫాఁకి’. వ్యాధిగ్రస్తయైన ఇరువదిమూడేండ్ల ఇల్లాలు గాలిమార్పునకై తొలిసారి అత్తింటిని విడిచి రైలెక్కి, దారిలో ప్రతిదానిని చూచి మురియును. బిలాస్‌పూరు స్టేషనులో ఒక కూలీ భార్య తన కుమార్తె పెండ్లికి కావలసిన ఇరువదియైదు రూపాయలను గూర్చి ఆమెతో చెప్పుకొనగా, ఇమ్మని భర్తను కోరును. అతడు రెండు రూపాయలిచ్చి ఆ సంగతి దాచును. భార్య మరణించిన తరువాత ఆ ఋణము తీర్చుటకు తిరిగి వచ్చువేళకు ఆ కూలీ కుటుంబము అచ్చట లేదు. ఈ కవిత పక్షులను గూర్చినది కాదు, చూపును గూర్చినది. చూచినవానికి ఒక బాధ్యత పడును. ఆలస్యముగా చూచినవానికి ఆ బాధ్యతను తీర్చు తావు ఉండదు.

కావున పాఠకుడు కవిసమయమును విడువనక్కరలేదు. దాని వెనుకనున్న తొలిచూపును తిరిగి సంపాదించుకొనవలెను. చాతకమును పద్యమున చదివినవాడు జ్యేష్ఠాంతమున తలయెత్తి చూడవలెను. చూచినవాడు తన భాషలో దానిని పేరుపెట్టి పిలువవలెను. అప్పుడు సింహాసనమునందలి పక్షియు, పెరటి పక్షియు ఒక్కటే యని తెలియును.