కళ్ళు తిరిగే ఆట

పాడేరు ఘాట్ ఎక్కే బస్సులో సగంమంది నిమ్మకాయ వాసన చూస్తూనో, అవోమిన్ బిళ్ళ ముందే వేసుకుని కళ్ళు మూసుకునో కూర్చుంటారు. డ్రైవర్ మాత్రం పాటలు పెట్టుకుని హాయిగా పోతుంటాడు. మలుపులు అందరికీ ఒకటే. కాకపోతే బస్సు ఎప్పుడు తిరుగుతుందో, ఎంత ఒరుగుతుందో అతని ఒంటికి ఓ క్షణం ముందే తెలుసు. తిప్పేది అతనే కదా.

వీడియో గేముల్లోనూ ఇంతే. ఆడేవాళ్ళకన్నా పక్కన కూర్చుని చూసేవాళ్ళకే ముందు వికారం మొదలవుతుంది. మా అక్క కొడుకు మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంటే మా అక్క రెండు నిమిషాలు కూడా చూడలేదు, మొహం తిప్పేసుకుంటుంది. వాడికేమో చీమ కుట్టినట్టయినా ఉండదు. "అమ్మకి వయసైపోయింది పిన్నీ" అంటాడు. వయసు కాదురా నాయనా, మౌస్ నీ చేతిలో ఉంది, అంతే.

గేముల్లో కళ్ళు తిరగడం ఒక సమస్య, కంట్రోల్స్ చేతికి రాకపోవడం ఇంకో సమస్య అని జనం విడదీసి మాట్లాడతారు. మొదటిది ఒంటి బలహీనత అంటారు, రెండోది చేతకానితనం అంటారు. నా అనుభవంలో రెండూ ఒకే గొడవ. చెయ్యి కదిపినప్పుడు బొమ్మ ఎటు, ఎంత కదులుతుందని ఒళ్ళు అనుకుందో అటు, అంతే కదిలితే కడుపు ఊరుకుంటుంది. అనుకున్నది ఒకటి, అయింది ఇంకొకటి అయితే మొదట విసుగొస్తుంది, ఆ తర్వాత వికారమొస్తుంది.

దీని వెనక శరీరం లెక్క ఇది. లోపలి చెవిలో వినికిడితో పనిలేని భాగం ఒకటుంది. అందులో మూడు అర్ధవృత్తాకార నాళాలు, సున్నపు రేణువులున్న రెండు చిన్న సంచులు ఉంటాయి. తల తిరిగిన సంగతి నాళాల్లోని ద్రవం చెబుతుంది, ముందుకు పోయామా, పక్కకి ఒరిగామా అన్నది రేణువులు చెబుతాయి. బస్సులో ఫోన్ చూస్తుంటే చెవి కదిలామంటుంది, కన్ను లేదంటుంది. గేము దగ్గర ఇది తిరగబడుతుంది: కన్ను పరుగెడుతుంటే, చెవి కుర్చీలో కూర్చునే ఉంటుంది. రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో తమ పుస్తకంలో ఈ పేచీనే వివరించారు. కన్నుకీ చెవికీ పడకపోవడం ఒక్కటే కాదు, ఆ రెండూ కలిసి చెప్పేది పాత అనుభవంతో పొసగకపోతేనే తిప్పుతుందన్నారు. అలవాటైతే తగ్గిపోవడానికి కారణమూ అదే. మరి ఈ పేచీకి కడుపెందుకు స్పందించాలి? దీనికి 1977లో ట్రీస్‌మన్ అనే ఆయన ఒక ఊహ చేశాడు. ప్రకృతిలో కన్నూ చెవీ ఇలా తగువాడుకునేది ఏదైనా విషం ఒంటికెక్కినప్పుడు, కాబట్టి తిన్నది బయటికి పంపడమే మంచిదని మెదడు అనుకుంటుందని. ఊహే, కానీ నాకు నచ్చిన ఊహ. సోఫాలో కూర్చుని రాక్షసుల్ని కాలుస్తుంటే, పాపం మెదడు మనం పుట్టగొడుగులేవో తినేశామనుకుంటుంది.

1993లో వచ్చిన డూమ్‌లో మనిషి పరుగెత్తుతుంటే చూపు కూడా అడుగడుక్కీ పైకీ కిందికీ ఊగేది. నిజంగా పరుగెత్తుతున్నట్టు ఉండాలని చేశారు. కానీ నిజంగా పరుగెత్తేటప్పుడు మనకి లోకం ఊగదు. తల ఊపుకి ఎదురుగా కళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. తెర మీది ఊపుని సర్దడం కంటికి చేతకాదు, ఎందుకంటే తల కదల్లేదు. ఇంత తేలిగ్గా తెలిసే సంగతి ముప్ఫై ఏళ్ళు దాటినా చాలా గేములకి ఇంకా ఎక్కలేదు. మైన్‌క్రాఫ్ట్‌కి మాత్రం ఎక్కింది. దాని సెట్టింగ్స్‌లో 'వ్యూ బాబింగ్' అని ఒక మీట ఉంది. మా వాడు ఆడుతున్నప్పుడు ఓసారి అది ఆఫ్ చేశాను. మా అక్క ఆ సాయంత్రం వాడు కట్టిన వంతెన ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. వాడికి మాత్రం నచ్చలేదు, నడుస్తున్నట్టు లేదు, జారుతున్నట్టుంది అన్నాడు. వాడన్నదీ నిజమే.

ఊగుడు తర్వాత నేను చూసేది ఎఫ్‌ఓవీ, అంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ. గేములోని లోకంలో ఎన్ని డిగ్రీల మేర తెర మీద చూపిస్తున్నారన్న లెక్క. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమందికి తల తిరిగేది దీనివల్లే, ఎక్కువమంది ముట్టుకోనిదీ దీన్నే. 43 అంగుళాల టీవీని ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే అది మన చూపులో దాదాపు 22 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 24 అంగుళాల మానిటర్ రెండడుగుల దూరంలో ఉంటే సుమారు 47 డిగ్రీలు. సోఫాలో కూర్చునేవాళ్ళ కోసం చేసిన గేములో చూపు ఇరుకుగా ఉంటుంది. అదే గేమ్‌ని తెచ్చి బల్ల మీది మానిటర్‌లో పెడితే బైనాక్యులర్ కళ్ళకి కట్టుకుని వంటింట్లో తిరిగినట్టే. చెయ్యి కొంచెం కదిపితే గోడలు సర్రున జారిపోతాయి. అందుకని బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఎఫ్‌ఓవీ పెంచుకోవాలి. పబ్జీ పీసీ వెర్షన్‌లో ఎఫ్‌పీపీకి, అంటే పాత్ర కళ్ళలోంచి చూస్తూ ఆడే పద్ధతికి, 80 నుంచి 103 దాకా పెట్టుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్‌లో మామూలుగా 70 ఉంటుంది, 110 దాకా పోతుంది. ఇక్కడో తిరకాసు ఉంది. పబ్జీది అడ్డం కొలత, మైన్‌క్రాఫ్ట్‌ది నిలువు కొలత. మామూలు వెడల్పు తెర మీద మైన్‌క్రాఫ్ట్ 70 అంటే అడ్డంగా 102 చిల్లర. ఇది తెలియక ఒక గేములో అంకె తీసుకెళ్ళి ఇంకో గేములో కొట్టేస్తుంటారు, తర్వాత ఈ గేము నాకు పడదంటారు.

ఇక మౌస్. మౌస్ పక్కన నేను స్టీలు స్కేలు పెట్టుకుంటాను. గేములో ఏదో తలుపు గొళ్ళేనికి ఎదురుగా నిలబడి, మౌస్‌ని స్కేలు సున్నా దగ్గర ఆనించి, కుడివైపుకి నెమ్మదిగా జరుపుతాను, ఒక చుట్టు పూర్తిగా తిరిగి ఆ గొళ్ళెం మళ్ళీ తెర మధ్యకి వచ్చేదాకా. స్కేలు చివరికొచ్చేసరికి గొళ్ళెం వస్తే నా చేతికి సరిపోయినట్టు. పది సెంటీమీటర్లకే వచ్చేసిందంటే సెన్సిటివిటీ తగ్గిస్తాను. తర్వాత అంతే దూరం చటుక్కున లాగుతాను. గొళ్ళెం అక్కడే ఆగాలి. దాటిపోయిందంటే ఎక్కడో యాక్సిలరేషన్ ఆన్‌లో ఉన్నట్టు. విండోస్‌లో దాని పేరు 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్'. అంత చక్కటి పేరు పెడితే ఎవరు తీసేస్తారు? అది ఉన్నంతసేపూ ఒకే దూరానికి, లాగిన వేగాన్ని బట్టి, ఒక్కోసారి ఒక్కో తిరుగుడు. విండోస్ సర్దుబాటు లేకుండా మౌస్ కదలికని నేరుగా తీసుకునే రా ఇన్‌పుట్ ఉన్న గేముల్లో ఈ బెడద లేదు. లేని చోట మాత్రం బొమ్మ ఎంత తిరుగుతుందో చేతికి ఎప్పటికీ నికరంగా తెలియదు, తెలియనప్పుడల్లా కడుపు ఓ మూల నుంచి గుర్తు చేస్తుంటుంది.

"పిన్నీ, ఆడతావా, కొలతలు తీసుకుంటూనే ఉంటావా?" అని మా వాడి గోల.

"ఆడతా ఆగరా, ముందు కదిలినప్పుడల్లా బొమ్మని అలికేసే ఈ మోషన్ బ్లర్ తియ్యనీ."

కంట్రోల్స్ విషయంలో జనం ఎంత మొండివాళ్ళో చెప్పడానికి 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన 'ఏలియన్ రిసరెక్షన్' చాలు. ఎడమ స్టిక్‌తో నడవడం, కుడి స్టిక్‌తో చూడటం. ఇవాళ చిన్నపిల్లలు కూడా ఆలోచించకుండా చేసే పని. అప్పట్లో ఒక పేరున్న సమీక్షలో మాత్రం గేములోని రాక్షసులకన్నా ఈ కంట్రోల్సే భయంకరమని రాశారు. మరుసటి ఏడు హేలో వచ్చింది, అదే పద్ధతి అందరికీ వేదమైపోయింది. పీసీలోనూ అంతే. డూమ్ ఆడినవాళ్ళ వేళ్ళు బాణం మీటల మీద ఉండేవి. 1997లో క్వేక్ పోటీ గెలిచి, ఆ గేము చేసినవాళ్ళలో ఒకడైన జాన్ కార్మాక్ ఫెరారీ కారు పట్టుకెళ్ళిన 'థ్రెష్', అంటే డెనిస్ ఫాంగ్, డబ్ల్యూ ఏ ఎస్ డీ మీటలతో ఆడేవాడు. గెలిచినవాడి వేళ్ళు ఎక్కడున్నాయో జనం చూస్తారు కదా! 1998లో హాఫ్-లైఫ్ వచ్చేనాటికి అవే మీటలు గేముతోపాటే ముందుగా పెట్టి ఇచ్చారు.

మన నెట్ సెంటర్ల తరానికైతే కంట్రోల్స్ అనగానే గుర్తొచ్చేది వైస్ సిటీ గేములో బొమ్మ హెలికాప్టర్ మిషన్, 'డెమాలిషన్ మ్యాన్'. కడుతున్న బిల్డింగులోకి నాలుగు బాంబులు మొయ్యాలి, గడియారం పరుగెడుతుంటుంది. పైకి లేవడానికి ఎడమచేతి కింద డబ్ల్యూ, ముందుకు వంచడానికి కుడివైపు నంబర్ ప్యాడ్. అప్పటిదాకా అదే డబ్ల్యూతో కారు నడిపి నడిపి అలవాటైన వేలు, కంగారులో ముందుకెళ్ళాలని నొక్కితే హెలికాప్టర్ వెళ్ళి సీలింగుకి కొట్టుకునేది. గంట లెక్కన డబ్బులు కట్టి మరీ ఇంత ఏడుపు ఏడ్చిన కుర్రాళ్ళు ఇవాళ సాఫ్ట్‌వేర్ టీములు నడుపుతున్నారు. వాళ్ళలో ఎవరిని కదిపినా ఆ మిషన్ పేరు చెబుతారు. ఆట కష్టమై ఓడిపోతే ఎవరూ ఇన్నేళ్ళు కక్ష పెట్టుకోరు. ఓడించింది మీట కాబట్టి పెట్టుకున్నారు.

మొదటి హేలో మొదట్లోనే ఒక మంచి పని చేసింది. నిద్రలేచిన హీరోకి పరీక్ష చేస్తున్నట్టుగా ఒక టెక్నీషియన్ పైన దీపం చూడు, కింద దీపం చూడు అంటాడు. పైకి చూడ్డానికి స్టిక్‌ని పైకి నెట్టడం కొందరికి అలవాటు, విమానం నడిపినట్టు వెనక్కి లాగడం మరికొందరికి అలవాటు. రెండూ చూపించి, ఏది హాయిగా ఉందని అడుగుతాడు. మెనూల్లో వెతుక్కోమనలేదు, కథలోనే అడిగేశారు. ఇంత మర్యాద మిగతా చాలా గేములకి ఎందుకు అబ్బలేదో నాకు అర్థం కాదు. 2008లో 'మిర్రర్స్ ఎడ్జ్' వాళ్ళు తెర మధ్యలో చిన్న చుక్క ఒకటి పెట్టారు. మేడల మీద నుంచి మేడల మీదకి దూకే గేమది, చూపు నిలవడానికి ఒక చోటు కావాలి. కథక్ నర్తకులు వరసగా చక్రాలు తిరిగేటప్పుడు ఎదురుగా ఒక చోట చూపు నిలబెట్టేది ఇందుకే. 2020లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' అరవైకి పైగా సౌకర్యాల సెట్టింగ్స్‌తో వచ్చింది. అందులో మోషన్ సిక్‌నెస్ కోసం విడిగా ఒక భాగం: కెమెరా అదురు, మోషన్ బ్లర్, ఎఫ్‌ఓవీ, మధ్య చుక్క, అన్నీ ఒకే చోట. చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

వీఆర్ హెడ్‌సెట్ల సంగతి వేరే. అక్కడ తల తిప్పిన 20 మిల్లీసెకన్లలోపు బొమ్మ కూడా తిరగాలని తయారీదారులు గీత గీసుకున్నారు. 'హాఫ్-లైఫ్: అలిక్స్'లో నడవకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మాయమై తేలే వీలు పెట్టారు. 2015లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు తెర కింది భాగంలో ఒక ముక్కు బొమ్మ పెట్టి చూశారు. ఆడేవాళ్ళు ఇంకాస్త ఎక్కువసేపు తట్టుకున్నారట, తమ ముందు ముక్కు ఉన్నట్టే చాలామంది గమనించలేదట.

ఫోన్లో ఆడే పిల్లల్ని తక్కువగా చూసేవాళ్ళుంటారు కానీ, కంట్రోల్స్‌ని ఒంటికి అమర్చుకోవడంలో నాకు తెలిసి వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఫైర్ బటన్ బొటనవేలు ఎక్కడ ఆగుతుందో అక్కడికే జరుపుకుంటారు, నాలుగు వేళ్ళ క్లా పట్టుకి తగ్గట్టు స్కోప్ బటన్ పైకి తోస్తారు, చెమటకి జారకుండా వేళ్ళకి స్లీవ్ తొడుక్కుంటారు. కాకపోతే యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన సెన్సిటివిటీ కోడ్ దించుకుని, వాళ్ళలా ఆడలేకపోతున్నామని బాధపడటమే బాలేదు. ఆ కోడ్ ఇచ్చినతని ఫోను వేరు, వేళ్ళు వేరు. ఫోను వంచితే గురి కదిలే గైరో ఆన్ చేసుకుని కదిలే బస్సులో ఆడేవాళ్ళకి మాత్రం నేను ఏ సలహా ఇవ్వలేను, దణ్ణం పెడతాను.

అన్నీ సర్దుకున్నాక కూడా కొన్ని గేములు పడవు. ఒంటికి ముందే తెలుస్తుంది: ఆవులింతలు, నోట్లో నీళ్ళూరడం, నుదుటి మీద చల్లటి చెమట. అప్పుడే ఆపెయ్యాలి. ఇంకో లెవెల్ అయ్యాక ఆపుదామనుకుంటే ఆ సాయంత్రమంతా మంచానికే. కొంచెం కొంచెంగా ఆడితే అలవాటవుతుంది, పంటి బిగువున ఆడితే కాదు. దానివల్ల ఆ గేము పేరు వింటేనే కడుపు తిప్పడం మాత్రం అలవాటవుతుంది. ఎఫ్‌ఓవీ మార్చే వీలులేని గేమైతే కుర్చీ రెండడుగులు వెనక్కి లాగి, గదిలో లైటు వేసి, తెర పక్కన గోడ కూడా కంటికి కనపడేట్టు చూసుకుంటాను. అల్లం మురబ్బా కూడా దగ్గర పెట్టుకుంటాను, పనిచేస్తుందో లేదో కానీ రుచిగా ఉంటుంది.

అప్పటికీ పడకపోతే, స్టీమ్‌లో కొన్నదైతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బులు వెనక్కి అడగొచ్చు. గేము బాగుందో లేదో తేల్చుకోవడానికి 2 గంటలు చాలవని చాలామంది సణుగుతారు. నా కడుపుకి అందులో పావువంతు చాలు.