కార్టూను పాత్రల చిరజీవిత్వము: ఒక పరిశీలనము

కన్యాశుల్కము తొలిసారి రంగమెక్కినది 1892లో. ఆ నాటకమునకు ప్రేరకమైన దురాచారము కాలగర్భమున కలిసినది. గిరీశము మాత్రము నేటికిని మన మాటలలో సజీవుడై యున్నాడు. అతనిని జీవింపజేయుచున్నవి సద్గుణములు కావు, లోపములే యని విమర్శకులందఱు ఎఱిగినదే. పాత్రల ఆయుర్దాయమును గూర్చిన యీ సత్యమును, సాహిత్యశాఖలవారు సామాన్యముగా కన్నెత్తి చూడని యొక రంగమున పరీక్షించుట యీ వ్యాసమున మా ఉద్దేశము. అది కార్టూను చిత్రముల రంగము. మిక్కీ మౌస్, టామ్ అండ్ జెర్రీ వంటి పూర్వపాత్రలు, తరమునకు కొన్ని చొప్పున పుట్టుకొనివచ్చు క్రొత్త ప్రత్యర్థుల యెదుట ప్రజాదరణమును నిలుపుకొనగలవా యనునది ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగుశాఖతో పని యేమి యని కొందఱు తలపవచ్చును. నేటి తెలుగు బాలుడు తఱచుగా తొలి పద్యమును కంఠస్థము చేయుటకు ముందే యీ పాత్రలను చూచుచున్నాడు. నాయకుడన నెవడు, ప్రతినాయకుడన నెవడు, నవ్వు ఎక్కడ పుట్టును అను విషయములందు అతనికి తొలిపాఠము చెప్పునవి యివియే. అట్టివానిని బాలవినోదములని విడిచిపెట్టుట విమర్శకు తగదు.

ఈ విషయమున రెండు పూర్వపక్షములు వినవచ్చుచున్నవి. బాలురు నవ్యతాప్రియులు గావున క్రొత్త పాత్ర వచ్చినంతనే పాతది తొలగిపోవుననియు, పాతవానిని నిలుపునది పెద్దలకు తమ బాల్యముపైగల మమకారమే యనియు ఒక పక్షము. ఉత్తమమైనది కాలమునకు లొంగదు గావున మేటిపాత్రలకు భయమే లేదని రెండవ పక్షము. మొదటిది చరిత్రకు విరుద్ధము. రెండవది ఉత్తమత్వమనగా నేమో చెప్పకయే తీర్పు చెప్పుచున్నది. అంతకంటె ముఖ్యముగా ఈ రెండును ప్రసిద్ధిని, ప్రీతిని ఒక్కటిగా భావించినవి. ఒక పాత్రను లోకమంతయు గుర్తుపట్టుట ప్రసిద్ధి; దాని కథను మఱియొకసారి చూడగోరుట ప్రీతి. మొదటిది వ్యాపారముద్రవలన నిలువగలదు. రెండవది పాత్రస్వభావము వలననే నిలువవలెను. ఈ భేదమును చేతబట్టుకొని కొన్ని నిదర్శనములను పరిశీలింతము.

మొదటిది ఫెలిక్సు అను నల్లపిల్లి. ఇది 1919లో న్యూయార్కునందలి పాట్ సలివాన్ చిత్రశాలలో పుట్టినది. దానికి ప్రాణము పోసిన చిత్రకారుడు ఆటో మెస్మర్. మూకీ చిత్రముల కాలమున దానిని మించిన కార్టూను పాత్ర లేదు. తన తోకను ఊడదీసి పనిముట్టుగా వాడుకొనుట, తలపై మొలచిన ప్రశ్నార్థకమును చేతబట్టి మెట్టుగా మలచుకొనుట వంటి చేష్టలు దాని సొత్తు. ఆలోచన కంటికి కనబడుటయే ఆ హాస్యమునకు మూలము. 1928లో టెలివిజను ప్రయోగములు జరిగినపుడు అమెరికాలో కెమెరా ముందు నిలిపిన బొమ్మ గూడ ఫెలిక్సుదే. విచిత్రమేమనగా ఆ సంవత్సరముననే దాని పతనమునకును బీజము పడినది. చిత్రములకు శబ్దము వచ్చినది. సలివాన్ సకాలమున శబ్దమును స్వీకరింపలేదు. 1933లో అతడు మరణించునాటికి ఫెలిక్సు వైభవము గతించినది. ఇచట పిల్లిని ఓడించినది ఎలుక యని లోకము చెప్పుకొనును. మా దృష్టిలో ఓడించినది రంగము మాఱుటయు, యజమాని మాఱకుండుటయు.

ఆ యెలుక చరిత్ర మఱింత విచార్యము. మిక్కీ మౌస్ పాత్రతో 1928లో మొదట తీసిన మూకీచిత్రమునకు పంపిణీదారుడు దొరకలేదు. శబ్దము జోడించిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 1928 నవంబరు 18న న్యూయార్కులోని కాలనీ థియేటరున ప్రదర్శితమైన పిమ్మట అదే పాత్ర లోకప్రసిద్ధమైనది. ఆ చిత్రమందలి మిక్కీ సాధుజంతువు కాదు. నావ యజమానుని వెనుక వెక్కిరించును. పిల్లి తోకను లాగి, ఆవు పండ్లను వాయించి సంగీతము పుట్టించును. అల్లరియే దాని స్వభావము. కాని కీర్తి పెరిగినకొలది బాధ్యతయు పెరిగినది. బాలుర కాదర్శమైన పాత్ర అల్లరి చేయరాదను భావము ప్రబలినది. క్రమముగా మిక్కీ మర్యాదస్తుడైనది. కోపము, కుటిలత్వము, తొందరపాటు దానినుండి తొలగినవి.

ఈ మార్పు రేఖలందును కనబడును. జీవపరిణామశాస్త్రజ్ఞుడైన స్టీఫెన్ జే గూల్డు 1979లో వ్రాసిన యొక వ్యాసమున మిక్కీ రూపమును కొలిచి చూపెను. ప్రవర్తన మెత్తబడినకొలది తల, కన్నులు దేహముతో పోల్చగా పెద్దవగుచు, ఆ యెలుక ఏండ్లు గడచినకొలది శిశువు పోలికను పొందినదని అతడు నిరూపించెను. రూపము స్వభావమును అనుసరించునను మన ఆలంకారికుల తలంపునకు ఇంతకంటె చక్కని నిదర్శన ముండదు.

దోషము పోయిన పాత్రకు కథయు పోయినది. 1934లో వచ్చిన డొనాల్డు డక్కు, అంతకు రెండేండ్ల ముందు వచ్చిన గూఫీ, మిక్కీ విడిచిన కోపమును, తెలివితక్కువతనమును పంచుకొని రంగమును ఆక్రమించినవి. 1940లో ‘ఫాంటేసియా’ చిత్రమున మంత్రగాని టోపీని దొంగిలించి ధరించిన శిష్యుడుగా మిక్కీ మఱల వెలుగుట గమనింపదగినది. ఆ వెలుగు గూడ ఒక తప్పు చేయుటవలననే కలిగినది. 1953 తరువాత ముప్పది యేండ్లపాటు థియేటరులకై క్రొత్త మిక్కీ లఘుచిత్రము రాలేదు. 1955లో తెఱచిన డిస్నీలాండున, అదే యేట ఆరంభమైన టెలివిజను కార్యక్రమమున మిక్కీ అతిథులను ఆహ్వానించు గృహస్థుగా నిలిచినది. అంతటి ప్రసిద్ధి మఱియొక కార్టూను పాత్రకు లేదు. కాని ప్రీతి ప్రసిద్ధి వెనుక దాగినది. ఏ ప్రత్యర్థియు దానిని దిగద్రోయలేదు. గౌరవభయముతో దాని రక్షకులే దానిని పీఠముపై నెక్కించి కదలకుండ చేసిరి. 2013లో పాల్ రూడిష్ ఆధ్వర్యమున వెలువడిన లఘుచిత్రములు పాత రూపమును, పాత అల్లరిని తిరిగి యిచ్చినవి; అవి 2019 వఱకు సాగి ఎమ్మీ బహుమానములను గూడ పొందినవి. పాత్ర చావలేదనుటకు, దానికి కఱవైనది స్వభావమే యనుటకు ఇది సాక్ష్యము.

వ్యతిరేకోదాహరణము టామ్ అండ్ జెర్రీ. విలియమ్ హానా, జోసెఫ్ బార్బెరాలు 1940లో సృజించిన యీ పిల్లియు ఎలుకయు 1943 మొదలు పది యేండ్లలో ఏడు ఆస్కారు బహుమానములను గడించినవి. వీని కథ యొక వాక్యమున ముగియును: ఒకటి తఱుమును, ఒకటి తప్పించుకొనును. భాష లేదు గాన అనువాదపు చిక్కు లేదు. అమెరికాలో ఎంత యర్థమగునో ఆదిలాబాదులోనూ అంతయే యర్థమగును. పైకి చూచినపుడు ఇంతకంటె బీదదైన కథావస్తువు లేదు. కాని వైరము స్వభావమునందే యున్నది గాన, వంటయిల్లయినను సంగీతసభయైనను సన్నివేశము దానంతట అదియే పుట్టును.

ఈ స్వభావమును మార్చినపుడు ఏమి జరిగినదో చరిత్రలో రెండుమార్లు కనబడును. టెలివిజనులో హింస తగదను ఒత్తిడి నడుమ 1975లో వచ్చిన ధారావాహికమున పిల్లి, ఎలుక మిత్రులై కలసి తిరిగినవి. అది పదునాఱు భాగములతో ముగిసినది. 1992 నాటి పూర్తినిడివి చిత్రమున అవి మిత్రులగుటయే గాక మాటాడనుగూడ మాటాడినవి. ఆ చిత్రము ఆర్థికముగ విఫలమైనది. 2021లో వచ్చిన చిత్రమున వానిని మఱల మూగవానిగనే చూపిరి. క్రొత్త తరమునకు నచ్చవేమో యను భయమున చేసిన మార్పులే పాత్రను పలుచన చేసినవి. పాతచిత్రములు మాత్రము ఏ మార్పును లేకయే నేటికిని ఆదరము పొందుచున్నవి.

స్వభావ మొక్కటియే చాలునా? చాలదు. ఇందుకు మన తోలుబొమ్మలాటయే ప్రమాణము. కథ రామాయణమైనను భారతమైనను నడుమ ప్రవేశించు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఏ కథకును చెందినవారు కారు. వారి మోటుతనము, తగవులాట, తిండియావ ప్రతి ఊరను ఒక్కటియే. వారాడు మాటలు మాత్రము ఆ యూరివి, ఆ నాటివి. స్థిరమైన స్వభావము, చరమైన సందర్భము అను సూత్రమునకు వారు జీవించిన నిర్వచనములు. ఆ సూత్రబలముననే వారు తరతరములు నిలిచిరి. కాని సినిమా వచ్చి ఆటపందిరి సన్నగిల్లగా, స్వభావమున ఏ లోపమును లేకయే వారు ప్రజల కంటికి దూరమైరి. రంగము పోయిన పాత్రకు స్వభావము మాత్రమే దిక్కు కాజాలదు. ఫెలిక్సు విషయమున జరిగినదియు ఇదియే. 1958లో టెలివిజను ధారావాహికముగా ఫెలిక్సు తిరిగి వచ్చినది. క్రొత్త రంగము దొరకినపుడు పాతపాత్ర మఱల లేచునని దీనివలన తెలియుచున్నది.

ఇక క్రొత్త ప్రత్యర్థుల మాట. 1997లో జపాను టెలివిజనున కెక్కిన పికాచూ, 1999లో అమెరికాలో వచ్చిన స్పాంజ్‌బాబ్, 2008లో హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థనుండి వెలువడిన ఛోటా భీమ్ ఇందుకు ఉదాహరణములు. వీనిలో నిలిచినవి నిలుచుటకు కారణము నవ్యత కాదు. స్పాంజ్‌బాబ్ అమాయకత్వము ఎదుటివాని సహనమును పరీక్షించును. అది పాత విదూషకధర్మమే. రాజీవ్ చిలక సృజించిన ఛోటా భీముడు లడ్డు తినినంతనే బలవంతుడగును, 1929లో ఇ. సి. సేగర్ చిత్రించిన నావికుడు పొపాయ్ పాలకూర తిని బలవంతుడగుటతో దీనిని పోల్చి చూడుడు. ఇది అనుకరణమని మేము చెప్పుట లేదు. ఆహారమునకును బలమునకును గల సంబంధము బాలుని తొలి యనుభవములలోనిది గాన రెండుచోట్లను ఫలించినది. ఆ పొపాయ్ గూడ పదియేండ్లుగ నడచుచున్న యొక చిత్రకథలో ఉపపాత్రగా ప్రవేశించి దానినే తనదిగ చేసికొన్నవాడు. అనగా నేటి పూర్వపాత్ర నాడు ప్రత్యర్థియే. బాలుని మనస్సు ఒక్కరే కూర్చుండదగిన సింహాసనము కాదు. భీముని చూచిన బాలుడు ఆ మధ్యాహ్నమే జెర్రీని చూచి నవ్వును.

ఈ చర్చ నేడు అత్యవసరమగుటకు మఱియొక హేతువు కలదు. ‘స్టీమ్‌బోట్ విల్లీ’పై గల రచనాహక్కు అమెరికాలో 2024 జనవరి 1తో తీరినది, పొపాయ్ తొలిరూపముపై హక్కు 2025 జనవరి 1తో తీరినది. తరువాతి రూపములును వ్యాపారముద్రలును ఇప్పటికిని యజమానుల వశముననే యున్నను, తొలి మిక్కీని ఎవడైనను చిత్రింపవచ్చును. ఇంతవఱకు ఆ పాత్రను కాపాడినది స్వభావమా, శాసనమా అను ప్రశ్నకు ఉత్తర మిక దొరకును. కేతిగానికి యజమాని లేడు. ఎవని చేతిలో నాడినను అతడు కేతిగాడే యయ్యెను. మిక్కీకి ఆ శక్తి కలదో లేదో రాబోవు చిత్రములు తేల్చవలసియున్నది.

మా సిద్ధాంత మిది. పూర్వపాత్ర క్రొత్తదానిచేత చావదు. తన లోపమును కోల్పోయినపుడో, తన రంగమును కోల్పోయినపుడో చచ్చును. ఈ రెండింటికిని తఱచు కారకుడు ప్రత్యర్థి కాడు, రక్షకుడు. లోపమును కాపాడుచు రంగమును మార్చగల రక్షకుడు దొరకినంతకాలము మేటిపాత్రకు వార్ధక్యము లేదు.

పరిశోధకవిద్యార్థులకు ఇందొక కర్తవ్యము కలదు. తోలుబొమ్మలాటగాండ్ర హాస్యభాగములను కళాకారుల నోటినుండి వ్రాసికొని, ఊరూరికి మాఱిన మాటలను, మాఱని స్వభావమును వేఱుచేసి చూపవలెను. నేడు హైదరాబాదున బొమ్మలు గీయువారికి ఆ పట్టిక పనికివచ్చును. కేతిగానికి పోయిన పందిరి తెరపై మఱల దొరకవచ్చును. అప్పుడతనిని మర్యాదస్తుని చేయకుండుటయే మనము చేయవలసిన రక్షణము.