నోట్‌ఫైల్లో ఎక్కని మాట

కలెక్టరేటులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకు ముందు నేర్పేది నోటు రాయడం. విషయమేమిటి, రూలు ఏమంటోంది, ఇదివరకు ఇలాంటివాటికి ఏం చేశారు. చివర ‘ఆదేశాల నిమిత్తం’. కర్నూలు, కడపల్లో నా సర్వీసంతా ఈ పనితోనే గడిచింది.

రూలు తెలియని గుమస్తా అరుదు. చిక్కంతా ‘ఎట్లో ఒగట్ల చేసెయ్యప్పా’ అనే పైవాడి నోటిమాట దగ్గరే. ‘మౌఖిక ఆదేశాల మేరకు’ అని రాసి పంపితే కొందరు చదివి సంతకం పెడతారు. కొందరు ‘ఆ మాట తీసెయ్’ అని ఫైలు వెనక్కి తోస్తారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ రెండో రకం అధికారి కింద సెక్షనంతా మారడానికి అంతకాలం కూడా పట్టదు.

1800 నుంచి 1807 దాకా ఈ దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఉద్యోగుల మనస్తత్వం బాగా తెలుసు. దేశీయులకు పెద్ద పదవులు, తగిన జీతాలు ఇవ్వకుండా నిజాయితీ ఆశించలేమని మద్రాసు గవర్నరుగా 1824లో రాశాడు. పరాయి ప్రభుత్వానికి పన్ను వసూలు చేసిపెట్టిన మనిషే, కాదనను. అయినా తప్పును మనిషి గుణానికి కాక కొలువు తీరుకు అంటగట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయాడు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కుటుంబాలు సీమలో ఉన్నాయి.

కర్నూలు పక్కనే పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1961లో, అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి, తాకిన వేళ్లను సోడా నీళ్లలో ముంచితే గులాబీ రంగు: ఆ శాఖ పట్టివేత పద్ధతి పేపరు చదివే వాళ్లందరికీ తెలిసిందే. అది కావలసిందే. కాకపోతే రంగు తేలేది డబ్బు తాకిన వేళ్లకే. ‘ఆ మాట తీసెయ్’ అన్న నోరు పంచనామాలో కనబడదు.

ఇప్పుడు ఈ-ఆఫీసు. పంపేసిన నోటును చెరిపేందుకు వీల్లేదు, ఎవరు ఎన్నింటికి పంపారో పక్కనే ఉంటుంది. నోటిమాటలేమో వాట్సాప్ కాల్‌కు ఎక్కాయి. సలహా అడిగే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: ఫోను పెట్టేయగానే, ఎవరు ఏం చెప్పారో తేదీ, టైముతో నోటులో ఎక్కించి, ఫైలు ఆయనకే పంపండి.