వేషమునకు వేళ: గంగ జాతరయు ఫిలింనగరును

2023 ఏప్రిల్ 7వ తేదీన ‘పుష్ప’ చిత్రము రెండవ భాగమునకు సంబంధించిన తొలి ప్రకటన పటము వెలువడినది. నీలి, ఎఱుపు రంగులు పూసిన ముఖముతో, చీరయు గాజులును నిమ్మకాయల దండయు ధరించి అల్లు అర్జున్ అందు కనిపించెను. అది తిరుపతి గంగమ్మ జాతరలోని మాతంగి వేషమని లోకము గుర్తించినది. ఇట్టి సందర్భముల సాధారణముగా రెండు మాటలు వినవచ్చుచుండును. జానపద సంప్రదాయము వెండితెర కెక్కినదని కొందఱు సంతసింతురు. పవిత్రమైన దానిని అంగడిలో పెట్టిరని కొందఱు వగతురు. ఈ రెండును అసలు విషయమును తాకలేదని మా తలంపు. వేషమునకు ప్రాణమెక్కడ నున్నదో తెలిసికొన్నగాని, తెరకెక్కినదేదో ఎక్కనిదేదో చెప్పుటకు వీలుపడదు.

జాతర కథ యొక పాలెగానికి సంబంధించినది. కంటబడిన స్త్రీలనెల్ల చెఱచుచున్న ఆ పాలెగాడు అవిలాలలో పెరిగిన గంగమ్మపై చేయి వేయబోగా, ఆమె తన ఉగ్రరూపమును చూపెను. వాడు పాఱిపోయి దాగెను. వానిని వెదకుచు ఆమె దినమునకొక వేషము తాల్చి ఊరెల్ల తిరిగెను. మే నెలలో జరుగు జాతర ఈ వెదకులాటయే. బైరాగి వేషమున ఒడలెల్ల నామకొమ్ము, బండ వేషమున కుంకుమ, తోటి వేషమున బొగ్గు పూసికొందురు. బండ వేషధారి నోట వెలువడు బూతులకు ఆనాడు కోపించువారుండరు. నాలుగవది దొర వేషము. దొర వచ్చినాడని విని, మ్రొక్కుటకై పాలెగాడు దాగినచోటు వీడి వెలికి రాగా గంగమ్మ వాని తల నఱకెను. మఱునాడు మాతంగి వేషము. అటుపిమ్మట సున్నపుకుండలు, పేరంటాలు.

ఈ వరుసలో మనము నిలిచి చూడవలసినది దొరకును మాతంగికిని నడుమ గల భేదము. చంపినది దొర వేషమున నున్న దేవి. అనగా పురుషుని యధికారమును ధరించిన స్త్రీ. మాతంగియో, భర్తను పోగొట్టుకొన్న పాలెగాని భార్యను ఓదార్చుటకు వచ్చిన దేవియని తిరుపతిలో చెప్పుదురు. శత్రువు ఇంటికి, వాని చావు మఱునాడే, పరామర్శకు పోవు దేవతను మన గ్రామదేవతా గాథలలో తఱచుగా చూడము. ఒక్కొక్క వేషమునకు ఒక్కొక్క పని. పని ముగియగనే ఆ వేషము దిగిపోవును. మఱునాటి వేషమునకు చోటు విడుచును.

ఇక సినిమా. సుకుమార్ దర్శకత్వమున వచ్చి, 2024 డిసెంబరు 5న విడుదలయిన ఈ చిత్రమున జాతర ఘట్టము కేవలము అలంకారమని త్రోసివేయుట న్యాయము కాదు. ఎఱ్ఱచందనము దొంగరవాణా చేయు కథానాయకుడు, తండ్రి యింటిపేరు దక్కనివాడు, చీర కట్టి అమ్మవారి యెదుట ఆడి, తనకు ఆడుబిడ్డ కలుగవలెనని కోరుకొనును. అన్న కూతురిని అవమానించినవారిని ఆ వేషముననే శిక్షించును. స్త్రీని చెఱచువానిపై దేవి పగ యను మూలసూత్రము ఇందు చెడలేదు. పాలెగాని కథ యెఱిగిన ప్రేక్షకునకు ఈ సన్నివేశము వట్టి కొట్లాటగా తోపదు. మన విమర్శకులలో పలువురు ఈ మాత్రము మెచ్చుకోలును దీనికి దక్కనీయలేదు.

అయినను చిత్రము ఒక పని చేసినది: ఓదార్చు మాతంగి ముఖమునకు దొర కోపమును తగిలించినది. అయిదు దినములుగా విడివడియున్న వేషములు ఇచట నొక్క వేషమున, ఒక్క రాత్రిలో, ఒక్క నటుని ముఖముపై కుదింపబడినవి. వేగము సినిమాకు సహజమే కావచ్చును. కాని వేగమున జాఱిపోయినది పాలెగాని భార్య. ఆమెకు ఈ చిత్రమున స్థానము లేదు. కావున మాతంగికి పనియు లేదు.

ఈ సందర్భమున అమెరికా దేశపు ఆరిజోనా రాష్ట్రములోని హోపీ జనుల ఆచారము పోలికకు పనికివచ్చును. కచీనాలు వర్షమును పంటను ప్రసాదించు ఆత్మలు. అవి ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణ సమీపమున గల శిఖరములనుండి శీతకాలమున వచ్చి, జూలై నెలలో ‘నీమన్’ అను వీడ్కోలు ఉత్సవము పిదప మరలిపోవునని వారి విశ్వాసము. ఆ నడుమ ముసుగు ధరించి ఆడు పురుషుడు కచీనాను అభినయించువాడు కాడు. అప్పటికి అతడే కచీనా. కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చెక్కిన ‘తిహు’ బొమ్మను కచీనా తన చేతులతో బాలికకు బహూకరించును. అదే బొమ్మ సంగ్రహాలయపు అరలోనికి పోయినప్పుడు చెక్కడము చెడదు, రంగు చెడదు; ఇచ్చినచేయి మాత్రము కనిపింపదు. ముసుగుల విషయమున వారు మఱియు పట్టుదల గలవారు. వానిని వారు మిత్రులని పిలుతురు. 2013 ఏప్రిల్‌లో పారిసు నగరమున వానిని వేలము వేయగా హోపీలు అభ్యంతరము తెలిపిరి. న్యాయస్థానము అడ్డుపడకపోవుటచే వేలము జరిగిపోయినది. ఆ డిసెంబరున మరల వేలమునకు వచ్చిన వస్తువులలో 24టిని అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ కొని, హోపీలకును సాన్ కార్లోస్ అపాచీలకును తిరిగి యిచ్చుటకు పూనుకొనెను.

హోపీల అభ్యంతరమును మక్కికి మక్కిగా తిరుపతికి తెచ్చుట తగదు. అచట దీక్ష పొందనివానికి కచీనా ముసుగు నిషిద్ధము. ఇచట దొర, మాతంగి మొదలగు ప్రధాన వేషములను కైకాల వంశీయులు పరంపరగా ధరించుచున్నను, మ్రొక్కుబడి వేషమునకు అడ్డు లేదు. గండము గడచిన పురుషుడు ఎవడైనను చీర కట్టి, జడ వేసికొని, గాజులు తొడిగి గుడికి పోవచ్చును. కావున వేషమును ఎరవు తెచ్చుటయే తప్పని చిత్రకారులపై నేరము మోపలేము. చిత్రములోని నాయకుని వేషము నిజమునకు మ్రొక్కుబడి వేషము. దానికి మాతంగి పేరు పెట్టిన లోకము కైకాలవారి వంతును కథానాయకునకు కట్టబెట్టినది. పరిశోధకుడు ఈ రెంటిని కలిపివేయరాదు.

ఫిలింనగరులో రంగు పూసికొనుట నిత్యకృత్యము. సాయంకాలము కడిగికొనుటయు నట్టిదే. ఆ చేరువనే జూబిలీహిల్స్ పెద్దమ్మ గుడిలో ఆషాఢమున బోనములెత్తుదురు. బోనాల ఊరేగింపులలో పసుపు పూసికొని, గజ్జెలు కట్టి, కొరడా ఝుళిపించు పోతురాజు ఊరేగింపు ముగిసినంతనే మరల మన వీథిలోని మనిషియగును. నటుని స్థితి వేఱు. అతడు రంగు కడిగికొన్నను పటముపై రంగు నిలిచియుండును. ఇది నేటి మాట కాదు. 1957లో ‘మాయాబజార్’లో నందమూరి తారక రామారావు ధరించిన కృష్ణ వేషము కేలండర్ల కెక్కి, పూజాగృహములలో గోడలకు తగిలింపబడి, చిత్రమును దాటి బ్రతికినది. 2024 డిసెంబరున చిత్రశాలలకు అభిమానులు జాతర వేషమున వచ్చిరి. వారు ధరించినది గంగమ్మ వేషమా, అర్జున్ వేషమా? రెండవదే యని మా అభిప్రాయము. వారికి మ్రొక్కు లేదు. వేషము దింపుకొను వేళయు నిర్ణయింపబడలేదు.

జాతర చివరి రాత్రి తాతయ్యగుంట గుడి యెదుట మట్టితో గంగమ్మ విశ్వరూపమును తీర్తురు. వేకువన పేరంటాలు వేషధారి వచ్చి ఆ రూపము చెంప నఱకును. అంతట గుమిగూడినవారు ఆ మట్టికై ఎగబడి, గుప్పెడు గుప్పెడు ఇండ్లకు కొనిపోవుదురు. క్షణములలో విశ్వరూపము మాయమగును. ఇంతటి రూపమును ఇట్లు చెఱపివేయుటకే నిర్మించు కళకు తెర యెట్లు చోటీయగలదో మాకు తోచుట లేదు. దర్శకులలో నెవరికైనను తోచిన చూడవలెనని మాత్రము కలదు.

మన విద్యార్థులు ఇకమీద వేషముల గూర్చి వ్రాయునప్పుడు రంగులును ఆభరణములును పేర్కొని ఊరకుండుట చాలదు. ఆ వేషము ఏ నాటిది, దాని ముందేది, వెనుకేది, ఎవరి యింట తొడిగిరి, ఎచట విప్పిరి అనునవియు నమోదు కావలెను. తిరుపతికి పోవువారు మాతంగి వేషమును చూచి మరలక, మఱునాటి సున్నపుకుండలను గూడ చూచి రావలెను.