సిఫారసు కుర్చీ

మేం రెండు భాషల దఫ్తర్లలో పనిచేశాం. తెలుగు పత్రికలో చీఫ్ తన కులపు కుర్రాళ్లకు అసెంబ్లీ, సెక్రటేరియట్ పంచేవాడు. మాకు మాత్రం రంజాన్ వస్తే హలీం, పాతబస్తీలో రాయి పడితే ఫోను. 'భాయ్, మీవాళ్లు ఏమంటున్నారు?' బడ్జెట్ మీద రాస్తామంటే నవ్వులు.

2006లో ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లీషు మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మంది ఎవరో సర్వే చేశారు. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. ముస్లింలు జనాభాలో తమ వాటాకు ఎంతో దూరం. దీనికి ప్రతిభ అని పేరు. ఎవరికి ఏ బీటు, ఎవరికి ప్రమోషను, ఎందుకు అన్నది ఏ కాగితం మీదా లేనిచోట ప్రతిభను కొలిచేదెవరు?

వేలు బయటికే చూపిస్తే మాత్రం అబద్ధమాడినట్టే. ఉర్దూ పత్రికలో యజమాని బామ్మర్దే న్యూస్ ఎడిటర్. వార్తకూ ప్రకటనకూ తేడా తెలియకపోయినా అందరి కాపీ ఆయనే దిద్దేవాడు. అక్కడి దూదేకుల ఫొటోగ్రాఫర్‌ని 'ఉర్దూ సరిగా రాదు, నువ్వేం ముసల్మానువి' అని నలుగురిలో ఎగతాళి చేశాడు. జీతాలు పెంచిన జాబితాలో అతని పేరు లేదు. మా పేరుంది. సయ్యదులం గదా! తలొంచుకుని కాపీ రాసుకున్నాం. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

కనక కుర్చీలో మావాడు కూర్చుంటే చాలదు. ఖాళీ ఎక్కడుందో, అర్హత ఏమిటో, ఎవరిని ఎందుకు కాదన్నారో నోటీసు బోర్డు మీద పెట్టండి. మాకు దయ వద్దు, సిఫారసూ వద్దు. ఆ కాగితం కావాలి. ఆ ఫొటోగ్రాఫర్‌కి మాకంటే ముందు కావాలి.